రాట్నం ముందు పళ్లెం

ఎగ్జిబిషన్‌లో రంగులరాట్నం ముందు పళ్లెం పెట్టారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఇంటికి పాలు పోసే అవ్వ. నర్సంపేట రోడ్డు మీది పల్లె నుంచి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చేది. ఆ రోజు గిన్నెలో పాలు పోస్తూ, లోపల నూలు కండెలు చుడుతున్న మా చిన్నత్తకు వినపడకుండా గొంతు తగ్గించింది.

"మీ చిన్నత్త పోయినేడు చేసిన పని ఇప్పుడు అందరి మీద పడ్డది బిడ్డా. రాట్నం కాడ పల్లెం పెట్టిండ్రు. పసుపు, కుంకుమ, అగరొత్తులు. చారాణ పైసలు ఎయ్యందే ఎక్కనిస్తలేరట. నా మనుమరాలు చూసొచ్చింది."

"చిన్నత్తకు చెప్పకు అవ్వా" అన్నాను.

"నేనెందుకు చెప్త? మీరు పోతే ఆమెకే కనవడదా?" అని క్యాను మూత బిగించుకుని వెళ్లిపోయింది.

చిన్నత్త అంటే మా మామగారి తమ్ముడి భార్య. చిన్న వయసులోనే భర్త పోతే ఈ ఇంట్లోనే ఉండిపోయింది. నేను కాపురానికి వచ్చేనాటికి మా అత్తగారు లేరు. మామగారు కూడా కొన్నాళ్లకే పోయారు. మా ఆయన వరంగల్‌లో అందరికీ తెలిసిన జంపఖానాలే నేసేవారు. నూలు ధర పెరిగి, నేసినదానికి గిట్టుబాటు కాక, వీధిలో చాలామంది మగవాళ్లలాగే బొంబాయి దగ్గరి భీవండి వెళ్లి పవర్‌లూమ్‌ల మీద పనికి కుదిరారు. ఏడాదికి ఒకసారి వచ్చేవారు. పది రోజులు ఉండేవారు. మాకు పిల్లలు కలగలేదు. ఇంట్లో ఒక గుంట మగ్గం, చిన్నత్త, నేను మిగిలాము. మగ్గం మీద దుమ్ము పడకుండా పాత చీర కప్పి, పక్కింటివాళ్లకు కండెలు చుట్టి ఇచ్చేవాళ్లం. అన్నానికి లోటు లేకుండా గడిచింది. ఆ భద్రకాళి తల్లి దయ.

నేను బడికి వెళ్లలేదు. మా నాన్న పురాణం పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వేలు పట్టి అక్షరం అక్షరం దిద్దించారు. చిన్నత్తకు ఆ మాత్రం కూడా లేదు. అందుకని బయటికి వెళ్తే బోర్డులన్నీ నేను చదివి చెప్పాలి. బస్సు మీది ఊరి పేరు, మందుల సీసా మీది రాత, భీవండి నుంచి వచ్చే ఉత్తరం, అన్నీ. ఉత్తరంలో రెండు ముక్కలే ఉండేవి. ఆమె మూడుసార్లు చదివించుకునేది. "గంతేనా? ఇంకేం రాయలేదా?" అని కాగితం వెనక్కి తిప్పి చూసేది.

చలికాలంలో హనుమకొండ మైదానంలో ఎగ్జిబిషన్ పెట్టేవారు. మేమిద్దరం ఏడాదికి ఒకసారి ఇల్లు దాటి సరదాగా వెళ్లే చోటు అదొక్కటే. ముందు భద్రకాళి గుడికి వెళ్లి దండం పెట్టుకుని, అక్కడి నుంచి మైదానానికి నడిచేవాళ్లం. మొదటిసారి వెళ్లినప్పుడు గేటు దగ్గర పావలా తీసుకున్నారు. ఆ పావలాతోనే నవ్వించే అద్దాల గది, తోలుబొమ్మలు, రెండు తలల దూడ, అన్నీ చూశాం. రాట్నానికి మాత్రం వేరే టికెట్టు. మరుసటేడు గేటు అర్ధ రూపాయి అయింది, అద్దాల గదికి వేరే టికెట్టు పెట్టారు. ఆ పై ఏడు అద్దాల గది ముందు చెప్పులు విడిచే చోట కూడా ఒక మనిషి చెయ్యి చాపి కూర్చున్నాడు.

చిన్నత్త గేటు దగ్గర నిలబడి, "చదువు పిల్లా, ఈయేడు ఏమేమి అమ్ముతాన్నరో" అనేది. నేను బోర్డు పై నుంచి కింది దాకా చదివేదాన్ని. ఏటా బోర్డు పొడుగు పెరిగేది.

"అద్దాలకు సుత పైసలా? మన మొకం మనకు చూపెట్టెతందుకు వాడికెందుకే పైసలు" అని నవ్వేది. "ఇంటికాడ సందూకుల అద్దం ఉన్నది. దాంట్ల చూసుకుంటె సుత నాకు నవ్వే వస్తది."

అలా ఒక్కొక్కటే మానుకుంటూ వచ్చాం. రాట్నం మాత్రం మానలేదు. అది ఆమెకు ప్రాణం. ఎందుకంత ఇష్టమో ఎప్పుడూ చెప్పలేదు. పైకి వెళ్లి ఆగినప్పుడు కళ్లు తెరిచి నాలుగు దిక్కులూ చూసేది. కాజీపేట వైపు రైలింజను పొగ కనిపిస్తే నా మోచెయ్యి పట్టుకుని, "అగో, నీ మొగడు పోయిన తొవ్వ" అనేది. అంతే. కిందికి దిగాక ఇద్దరం ఆ మాట ఎత్తేవాళ్లం కాదు.

ఆ రోజుల్లో రాట్నానికి ఇంజను లేదు. ఇద్దరు మనుషులు కోతుల్లా ఇనుప కడ్డీల మీదికి ఎగబాకి, పై నుంచి తమ బరువుతో వేలాడుతూ దాన్ని తిప్పేవారు. జనం కూర్చునే డబ్బాలు మా తల మీదికి వస్తుంటే వాళ్లు మధ్యలో నుంచి దూకేవారు. అది చూసిన ప్రతిసారీ చిన్నత్త నోట్లో చీర కొంగు కుక్కుకునేది.

మా ఇళ్లల్లో కొత్త పడుగు ఎక్కించిన రోజు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, ఒక నాణెం ఉంచి, దండం పెట్టుకునే అలవాటు ఉంది. గుంటలో కూర్చునే మనిషి కాళ్లూ చేతులూ చల్లగా ఉండాలని. ఆ నాణెం మగ్గం మీద కూర్చున్నవాళ్లదే. పాలవ్వ కబురు తెచ్చిన ఏడాదికి ముందు ఏడు, చిన్నత్త రాట్నం ముందుకు రాగానే చెప్పులు విడిచింది. గుడిలో ఇచ్చిన కుంకుమ పొట్లం నా చేతిలో పెట్టింది. భర్త లేనిది కాబట్టి తను బొట్టు పెట్టకూడదు. "నువ్వు పెట్టు పిల్లా" అంది. నేను ఇనుప స్తంభానికి బొట్టు పెట్టాను. ఆమె దాని కింద ఒక చారాణ, పావలా బిళ్ల, ఉంచి, రెండు చేతులతో స్తంభాన్ని తాకి కళ్లకద్దుకుంది.

వెనక వరుసలో నవ్వులు. టికెట్లు చింపే అతను కూడా నవ్వాడు. "ఏం పెద్దమ్మా, రాట్నానికి పెండ్లి చేస్తున్నవా?"

"నీ మనుషులు పైనుంచి పడొద్దని మొక్కుతున్న. నీకు నవ్వులాటగున్నదా? గా చారాణ వాళ్లిద్దరికీ చాయ తాగనియ్యి" అంది చిన్నత్త.

అతను నవ్వు ఆపి నాణెం తీసుకున్నాడు. మా వెనక ఉన్న ఒకావిడ ఏమనుకుందో, తనూ పది పైసలు పెట్టి స్తంభానికి మొక్కింది. ఆమె వెనక మరొకరు. మేము పై నుంచి చూస్తుంటే కింద ఒక్కొక్కరే వంగి మొక్కి ఎక్కుతున్నారు. "మంచిగయింది. ఇగ వాళ్లకు ఏం గాదు" అని చిన్నత్త సంతోషపడింది. నేనూ సంతోషపడ్డాను. ఒకరు పెట్టిన దండం నలుగురికి అబ్బిందని.

అందుకే మరుసటేడు అవ్వ చెప్పిన మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. చిన్నత్తకు ముందుగా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పడానికి నోరు రాలేదు. ఆమె రెండు రోజుల ముందే తెల్లచీర ఉతికి ఆరేసుకుంది.

వెళ్లేసరికి రాట్నానికి ఇంజను వచ్చింది. డుగుడుగుమని పొగ కక్కుతోంది. కడ్డీలెక్కే ఆ ఇద్దరు మనుషులూ లేరు. టికెట్టు ఇంజను పేరు చెప్పి పెంచారు, చుట్లు తగ్గించారు. స్తంభం దగ్గర స్టూలు, దాని మీద ఇత్తడి పళ్లెం, అందులో కుంకుమ, చిల్లర. పైన అమ్మవారి పటం. పక్కన అట్ట మీద "పూజకు మనిషికి నాలుగణాలు" అని రాసి ఉంది.

"ఏం రాసిండ్రు పిల్లా?" అంది.

చదివి చెప్పాను.

మా ముందు ఒక తల్లి ముగ్గురు పిల్లలతో నిలబడింది. పిల్లలకు టికెట్లు ముందే కొనుక్కుంది. పళ్లెం సంగతి తెలియదు. "పూజ పైసలు ఏసి ఎక్కుండ్రి" అన్నాడు టికెట్లు చింపే అతను. పోయినేటి అతనే. ఆమె కొంగు ముడి విప్పి చూసుకుంది. మళ్లీ ముడి వేసింది. చిన్నపిల్లను వరుసలో నుంచి చెయ్యి పట్టి బయటికి లాగింది. "నువ్వు ఈడ నిలవడు. అక్కలు ఎక్కి దిగుతరు" అంది. ఆ పిల్ల ఏడవలేదు. పళ్లెం వైపే చూస్తూ నిలబడింది.

చిన్నత్త ముందుకు వెళ్లి తన చారాణ ఆ పిల్ల పేర పళ్లెంలో వేసి, పిల్లను డబ్బాలోకి ఎక్కించింది. టికెట్టు మీద పేరు లేదు కదా, తన టికెట్టు తల్లి చేతిలో పెట్టింది. "నువ్వు సుత ఎక్కు, పిల్లలు భయపడతరు" అని ఇంకో చారాణ పళ్లెంలో వేసి ఆమెనూ పంపింది. తర్వాత టికెట్లు చింపే అతని దగ్గరికి వెళ్లింది.

"నేను తెల్వక పెట్టిన బాబూ. ఆ పల్లెం తియ్యి. పేదోళ్లొస్తరు."

"నువ్వే నేర్పితివి గద పెద్దమ్మా" అన్నాడతను. ఎగతాళిగా కూడా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అన్నాడు. "మా రాట్నం మాలిక్ చూసిండు, మంచిగున్నది ఏటా పెట్టుమన్నడు. నా చేతుల ఏమున్నది?"

"గా ఇద్దరు మనుషులేరి?"

"ఇంజనొచ్చింది గద. వాళ్లెందుకు?"

నా చేతిలో టికెట్టు ఉంది. వెనక జనం తోస్తున్నారు. నన్ను ఆ పిల్లల తల్లి పక్కన కూర్చోబెట్టి కమ్మీ వేసేశారు. చిన్నత్త లేకుండా నేను పైకి వెళ్లింది అదే మొదటిసారి. రైలు పొగ వైపు చూడలేదు. పళ్లెం పక్కన చెప్పులు లేకుండా నిలబడ్డ తెల్లచీరనే చూశాను. చుట్టు తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆమె అక్కడే ఉంది, తల పైకెత్తకుండా.

ఇంటికి వెళ్లే బస్సులో, "దేవుని పేరు మీద పన్ను ఏసిన పిల్లా నేను" అంది. ఆ తర్వాత ఎగ్జిబిషన్‌కు వెళ్దామని ఆమె అడగలేదు. నేనూ అడగలేదు. వీధిలో కొందరు, "మీ చిన్నత్త రాట్నానికి గుడి కట్టిచ్చిందట గద" అని నవ్వేవారు. వాళ్లకది వేళాకోళం. ఆమె పగలు కండెలు చుడుతూ చుడుతూ మధ్యలో చెయ్యి ఆపేసేది. నలుగురూ వెళ్లి వచ్చాక పాలవ్వను మాత్రం ఏటా అడిగేది.

"పల్లెం ఉన్నదా?"

"ఉన్నది."

"ఎంత?"

"ఈయేడు ఆఠాణ చేసిండ్రు."

ఆ రోజు ఇక అన్నం సరిగా తినేది కాదు.

అలా నాలుగేళ్లు గడిచాక ఆమెకు ఆయాసం పట్టుకుంది. దవాఖానలో చూపించాను. మందులిచ్చి పంపేశారు. మంచం దిగలేకపోయింది. మా ఆయనకు ఉత్తరం రాస్తే డబ్బు పంపారు, సెలవు దొరకలేదని రాశారు. ఆ చలికాలం అవ్వ కూడా రావడం మానేసింది, కాళ్ల నొప్పులతో. కబురు చెప్పేవాళ్లు లేరు.

ఒకరోజు మధ్యాహ్నం చిన్నత్త నా చెయ్యి పట్టుకుంది. "ఒక్కసారి పోయి చూసి రా బిడ్డా. పల్లెం ఉన్నదో లేదో. ఉంటే నా పేరు చెప్పి ఇంకోసారి అడుగు. ఇది నెత్తి మీద పెట్టుకొని నేను పోలేను."

పక్కింటావిడను కూర్చోబెట్టి వెళ్లాను. ఒక్కదాన్నే గేటు టికెట్టు కొనుక్కుని, ఒక్కదాన్నే బోర్డు చదువుకున్నాను. చదివించుకునే మనిషి పక్కన లేకపోతే బోర్డు ఎంత పొడుగ్గా ఉంటుందో ఆ రోజు తెలిసింది. రాట్నం దగ్గర స్టూలు లేదు. పళ్లెం లేదు. పటం లేదు. నా గుండె తేలికయింది. అమ్మవారికి అక్కడే దండం పెట్టుకున్నాను.

టికెట్లు చింపే అతను నన్ను గుర్తుపట్టాడు. జుట్టు నెరిసింది. "పెద్దమ్మ రాలేదా అక్కా?"

"మంచంల ఉన్నది. పల్లెం తీసేసిండ్రా అని చూసి రమ్మన్నది."

"తీసేసినం. జనం సతాయిస్తుండ్రని మాలిక్ టికెట్ల కలిపిండు. ఇప్పుడు అంతా ఒకటే రేటు, లొల్లి లేదు."

బోర్డు చూశాను. పళ్లెంలో వేసే ఆ ఆఠాణ, ఆ అర్ధ రూపాయి, ఇప్పుడు టికెట్టులో కలిసి ఉంది. ఇక ఎవరూ దాన్ని తీయలేరు, అది ఎక్కడిదో ఎవరికీ తెలియదు. పూజకు ఇవ్వను అనడానికి కూడా ఇప్పుడు వీలు లేదు.

నా ముఖం చూసి అతను ఇవతలికి వచ్చాడు. "పల్లెం తీసేసిండ్రని చెప్పక్కా. ఆమె సంతోషపడతది. మిగతాది ఎందుకు?" అన్నాడు. తర్వాత, "ఎక్కుతవా? కని ఒక్కదానివే అయితే రెండు టికెట్లు. పక్క సీటు ఖాళీ పోతది గద. కొత్త రూలు" అన్నాడు.

నేను ఎక్కలేదు. పళ్లెం సంగతి అలా చెప్పమన్నందుకు మాత్రం అతనికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఇంటికి వచ్చేసరికి చిన్నత్త తలుపు వైపే చూస్తోంది.

"పల్లెం లేదు చిన్నత్తా. నా కండ్లతోని చూసిన. తీసేసిండ్రు."

"నిజంగ?"

"నిజంగ."

ఆమె రెండు చేతులూ జోడించి పైకి చూసింది. కళ్ల పక్క నుంచి నీళ్లు దిండు మీదికి జారాయి. "చిన్నపిల్లలు ఎక్కుతున్నరా?"

"ఎక్కుతున్నరు."

ఆ పూట గంజి మొత్తం తాగింది. ఉగాదికి ముందే పోయింది. నేను ఆమెతో అబద్ధం ఆడలేదు. మొత్తం నిజమూ చెప్పలేదు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ సంగతి అమ్మవారికి చెప్పుకుంటూనే ఉన్నాను. చిన్నత్త అడిగింది చేసేంత ఓపిక నాకు ఇచ్చినందుకు, చివరి పూటల్లో ఆమె దగ్గర ఉండనిచ్చినందుకు కృతజ్ఞత కూడా చెప్పుకుంటున్నాను. మా ఆయన దినాలకు వచ్చి మళ్లీ భీవండి వెళ్లారు. ఉత్తరాలు ఇప్పుడు ఒక్కసారే చదువుతున్నాను.

ఇది చదివినవారిని ఒక్కటి అడుగుతున్నాను. మీ పిల్లలతో ఎప్పుడైనా రంగులరాట్నం ఎక్కితే, అది పైన ఆగిన ఆ కాసేపు, తిప్పేవాళ్లు పడిపోకూడదని మాత్రమే ఒక నాణెం పెట్టిన మా చిన్నత్తను తలచుకోండి. దానికి ఎవరూ ఏమీ కట్టనక్కరలేదు.