చదవకుండా జరిపేసిన రాత

ఆఫీసంతా ఆవిణ్ణి వదినగారనే పిలుస్తారు. ఆ పిలుపు అంటించింది ఆవిడ మరిది. పరిశోధన సంస్థలోని పెద్ద కంప్యూటర్ని చూసుకునేది అతనే. అతను నిక్కర్లు వేసుకునే వయసులో లెక్కలు చెప్పింది ఆవిడే. చెప్పిందంటే, స్కేలు పట్టుకుని చెప్పింది.

వదినగారిది వరద లెక్కల విభాగం. ఎంత వానకు నది ఎక్కడిదాకా పొంగుతుందో చెప్పే ప్రోగ్రాం సొంతంగా రాసుకుంది. బల్ల మీది కంప్యూటర్లో అది వారాల తరబడి నడుస్తుంది. వానల్లోగా ఫలితాలు రావాలంటే, వందల కంప్యూటర్లు కలిసి పనిచేసే ఆ పెద్ద యంత్రమే దిక్కు. "దాని మీద నడపడం వచ్చా? రాకపోతే వేరేవాళ్ళకిస్తాను" అని డైరెక్టరుగారు అడిగితే, "రాకేమండీ" అనేసింది.

మరిదిని అడిగితే ఒక్క పూటలో తేలిపోయేది. స్కేలు పట్టిన చేత్తో వాడి ముందు పలక పట్టుకోవడమా? ఇంటర్నెట్లో పాఠాల వేటలో పడింది. ఒక వీడియో "ఇదంతా మీకు తెలిసిందే" అంటూ ఆవిడకు తెలియనివన్నీ ఏకరువు పెట్టింది. ఇంకొకటి నమస్కారం పెడుతూనే ఫీజు అడిగింది. వెనక ఎవరైనా నడిస్తే చాలు, దొంగచాటుగా సినిమా చూస్తున్నట్టు తెర మార్చేసేది.

అరకొరగా వంటబట్టిన చదువుతో ఒక ఉదయం ప్రోగ్రాం నడిపేసింది. పెద్ద యంత్రానికి గుమ్మంలాంటి కంప్యూటర్ ఒకటుంటుంది. అందరూ దానిలోంచే లోపలికి వెళ్ళాలి. పనిని అక్కణ్ణించి వరసలో పెట్టి పంపాలే తప్ప అక్కడే నడపకూడదు. ఆవిడ సరిగ్గా గుమ్మంలోనే పొయ్యి వెలిగించింది. సంస్థలో ఎవరి తెర చూసినా బిగుసుకుపోయింది.

మరిది ఆయాసపడుతూ వచ్చాడు. "ఆపేశాను లెండి. ఎవరో కొత్తవాళ్ళు తెలీక నడిపారు" అన్నాడు, ఆవిడ వైపు చూడకుండా.

అందరూ పక్క బల్ల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి వైపు తిరిగారు.

"ఏమ్మా, నీ ఘనకార్యమేనా?"

"నేను కాదండీ. నాకింకా పాస్‌వర్డే ఇవ్వలేదు."

"అందరూ ఇలాగే అంటారు తల్లీ!"

ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నడిపినవాళ్ళ పేరు మరిది తెర మీద కనబడి ఉంటుందని వదినగారికి అప్పుడు తట్టింది. అంటే తెలిసే కప్పిపుచ్చాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆ పిల్లని వదిలేయండి. నడిపింది నేను." వదినగారు లేచి నిలబడింది. "నాకు రాదు. వచ్చని అబద్ధం చెప్పాను."

అలికిడి విని వచ్చిన డైరెక్టరుగారు ఆ మాట విననే విన్నారు. "నెలాఖరుదాకా చూస్తాను" అని వెళ్ళిపోయారు.

మరిది కుర్చీ లాక్కున్నాడు. "వదినా, లోపలికి వెళ్ళగానే తెర మీద మొదట ఏం కనబడుతుంది?"

"ఏదో పెద్ద రాత. రోజూ ఉండేదేగా, పైకి జరిపేస్తాను."

"చదువు."

ఇక్కడ లెక్కలు నడపవద్దు, కొత్తవారి పాఠాలు కింద ఉన్నాయి, మంగళవారం తరగతి అని ఉంది. ఆవిడ లోకమంతా గాలించిన పాఠాలు అక్కడే ఉన్నాయి, మరిది రాసినవి.

"ప్రశ్న పూర్తిగా చదవకుండా లెక్క మొదలెట్టావని నా వేళ్ళు వాయగొట్టిందెవరమ్మా?"

"చాల్లే" అంది. నవ్వబోతే రాలేదు.

మంగళవారం వెనక వరసలో, ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. ఇద్దరూ మొదటి అభ్యాసాన్ని వరసలోకి పంపారు.

"మీకంటే ముందు నాది ఉందండీ" అంది అమ్మాయి, తెర వైపే చూస్తూ.

"ఉండనీ అమ్మా" అంది వదినగారు. తెర మీది రాతను మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది.