ఆరు ముక్కల చుక్క

మైపాడు దగ్గర సముద్రాన్ని ఆనుకుని ఉన్న పల్లెలో జాకెట్లు కుట్టే కరుణాకుమారికి ముందు మాట వస్తుంది, ఆ తర్వాతే ఆలోచన. నవంబరు చివరి ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, "నిరుడు చర్చి కప్పు మీద కట్టిన కాగితం స్టార్ వానకి నాని ఊడిపోయింది. ఈ క్రిస్మస్‌కి ఏం చేద్దాం?" అని అడిగారు. ఆమె చటుక్కున లేచింది.

"గుడ్డతో కడదాం అయ్యగారూ! ఇరవై నాలుగు అడుగులది!"

జనం చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. కట్టాల్సింది తానేనని ఇంటికి వచ్చాకగానీ తెలిసిరాలేదు.

రెండు రోజులు అన్నం సయించలేదు. చర్చి కప్పు వైపు చూసి, అంత పెద్దది ఒక్కతే ఎట్లా కుట్టాలా అని లెక్కలు వేసింది. "ఊరికే ఉండలేకపోయినావా అక్కా?" అన్నాడు ఆటో తోలే తమ్ముడు ఆండ్రూ. మూడో రోజు ఎవరిదో పెళ్లి జాకెట్టు కత్తిరిస్తుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. ముందు భాగం, వీపు, చేతులు, మెడపట్టీ. జాకెట్టును మాత్రం ఎవరు ఒక్కసారే కుడతారు? గబగబా పాత పేపరు మీద చుక్క గీసి కోసింది. ఐదు మొనలు, మధ్యలో ఒక నడుము. అంతే.

"ఒరే ఆండ్రూ, ఇది స్టార్ కాదురా, జాకెట్టే!" అని అరుస్తూ వీధిలోకి పరుగెత్తింది.

ఇక ఆమెను పట్టడం ఎవరి తరమూ కాలేదు. ఆరు ముక్కలూ ఆరు ఇళ్లకు పంచింది. కొలత తేడా రాకుండా తన టేపుతోనే తాళ్లు కొలిచి ఇంటికొకటి ఇచ్చింది. మొదటి వారం వెదురు బద్దల చట్రాలు, తర్వాతి వారం వాటికి ఊళ్లో ఇంటింటా అడిగి తెచ్చిన పాత చీరలు తొడగడం, ఆ పైన లోపల బల్బులు. "అంతా సరే, పైకెట్టా ఎత్తుతావు మే?" అని పక్కింటి రెబెక్కమ్మ రోజూ అడిగేది. "అది వచ్చే వారం దిగులు పెద్దమ్మా. ఈరోజుకి నీ పచ్చ చీర ఇయ్యి" అనేది కరుణాకుమారి.

చేపల వేటకు పోయే పోలేరయ్యకు చర్చితో పని లేదు. కానీ ముడి వెయ్యడంలో ఊళ్లో అతనికి సాటి లేరు. అడిగి మరీ ఒక మొన తీసుకున్నాడు.

ఇరవై మూడో తేదీ పొద్దున ముక్కలన్నీ చర్చి ముందుకు చేరాలి. ఐదు వచ్చాయి. ఆరోది రాలేదు. కరుణాకుమారి పోలేరయ్య ఇంటికి పరుగెత్తింది.

"వానకి తడుస్తుందని ఇంట్లోనే కట్టినా. ఎటు తిప్పినా గుమ్మంలో పట్టడంలా" అన్నాడు అతను తల గోక్కుంటూ.

గుమ్మం కన్నా లావైన రెండున్నర అడుగుల పొట్టతో, తొమ్మిది అడుగుల పొడవుతో ఆ మొన గదంతా ఆక్రమించింది. దాని వెనక నుంచి అతని భార్య మస్తానమ్మ కేక వినబడింది: "ముందు నన్ను బయటికి తియ్యండయ్యా! పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే ఇరుక్కోనుండా!"

కరుణాకుమారి గుమ్మంలోనే కూలబడి నవ్వింది. అన్నీ ఆలోచించింది, బయటికి తేవడం తప్ప! నవ్వుతూనే ఒక అంచు కుట్టు విప్పేసింది. పోలేరయ్య మూడు ముడులు వదులు చేశాడు. పొట్ట అణిగి, మొన చాపలా ఒరిగింది. ముందు మస్తానమ్మ బయటపడింది, వెనకే మొన. వీధిలో మళ్లీ కట్టి కుట్టేసరికి మధ్యాహ్నమైంది.

సాయంత్రం ఆరు ముక్కలూ ఒక్కటిగా కలిపి, వల లాగే మోకులు కట్టారు. పోలేరయ్య మనుషులు "హైలెస్సా" అంటే పాటల బృందం వాళ్లు రాగం తీసి అందుకున్నారు. పాస్టరుగారు పంచె ఎగగట్టి మోకు పట్టారు. చుక్క గాలికి ఊగుతూ కప్పెక్కి నిలబడింది. ఆండ్రూ స్విచ్చి వెయ్యగానే పచ్చా, ఎరుపూ, వంగపండూ, ముప్పై ఇళ్ల చీరలు ఒక్కసారి వెలిగాయి. పిల్లా పెద్దా గంతులు వేశారు. మస్తానమ్మ తన నారింజ రంగు అంచును గుర్తుపట్టి కనబడినవాళ్లందరికీ చూపించింది.

కరుణాకుమారి మాత్రం కళ్లు చిట్లించి పైకి చూసింది.

"అయ్యో, ఆ కుడిపక్క మొనకి చీర తిరగేసి కుట్టినారు! దించండి, దించండి!"

"ఇంకోసారి ఆ మాటంటే నిన్నే పైకి ఎత్తి కడతాం!" అని పోలేరయ్య అరిచాడు. ఆమె ఇసకలో చతికిలబడి, ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వింది.