దిగుడులో న్యూట్రల్

ఆ లారీ ఆఫీసులో అందరూ అతన్ని పిసినారి అనేవాళ్లు. డబ్బు విషయంలో కాదు పాపం, డీజిల్ విషయంలో. ఇరవై ఆరేళ్లుగా సరుకు లారీ తోలుతున్నాడు. అందరికంటే తక్కువ డీజిల్‌తో కొండ దాటి వచ్చేది అతనే. "వీడు బండికి డీజిల్ పొయ్యడు, వాసన చూపిస్తాడు" అని తోటి డ్రైవర్లు ఆటపట్టిస్తే మీసం చాటున నవ్వుకునేవాడు. కిటుకు ఒక్కటే: దిగుడు రాగానే అందరికంటే ముందు గేరు తీసి, కిందిదాకా న్యూట్రల్‌లో వదిలేయడం. ప్రమాదమా? ప్రమాదమే. కానీ ఆ దారిలో ఆ పని చేయని డ్రైవరు ఎవడో చూపించండి!

ఇంతలో ఓనరు కరెంటు లారీలు మూడు తెచ్చాడు. తెచ్చాక గానీ అసలు తంటా తెలియలేదు. బ్యాటరీ బరువుకి సరుకు తగ్గించాలి, చార్జింగుకి గంటలు పడతాయి, దారిలో ఎక్కడా పాయింటు లేదు. కొత్తవాటి అప్పు తీరాలంటే పాత లారీలు అమ్మేయక తప్పదు, కొత్తవేమో మూడే. సరిగ్గా నడిపి చూపించిన ముగ్గురికే స్టీరింగు అని ఓనరు తేల్చేశాడు. పిసినారికి గుండెల్లో రాయి పడింది. యాభై రెండేళ్ల వయసులో ఇంకే పని నేర్చుకుంటాడు?

నేర్పడానికి వచ్చిన ఇంజనీరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"బాబాయ్, దిగుడులో గేరు తియ్యకండి. బండి దిగుతున్నప్పుడే బ్యాటరీ నిండేది. ఆ నిండినదాంతోనే మీరు ఆఫీసు చేరాలి."

"అలాగేనమ్మా" అన్నాడు.

పరీక్ష రోజు కొండ ఎక్కినంతసేపూ వంక పెట్టడానికి లేదు. దిగుడు మొదలైంది. వెనక సరుకు బరువు తోస్తోంది. చెయ్యి దానంతట అదే పోయి న్యూట్రల్ నొక్కేసింది. బండి హాయిగా జారుతుంటే ఏమీ ఖర్చు కావడం లేదని మురిసిపోయాడు, పిచ్చి మారాజు! చదును రోడ్డు మీదికొచ్చి మీటరు చూసుకుంటే, నిండాల్సిన బ్యాటరీ నిండనే లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఏసీ ఆపాడు, నెమ్మదిగా తోలాడు, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాడు. ఆఫీసు ఇంకా మూడు కిలోమీటర్లుందనగా బండి రోడ్డు పక్కన ఆగిపోయింది.

క్రేను లాక్కొచ్చిన లారీ చుట్టూ డ్రైవర్లు మూగారు. ఈసారి ఎవరూ నవ్వలేదు; అతనికి అదే ఎక్కువ కష్టమనిపించింది. ఓనరు తిట్టనూ లేదు.

"పనిలోంచి తియ్యనులే అన్నా. చార్జింగు పాయింటు దగ్గర ఉండు. బండి వస్తే వైరు పెట్టు, నిండాక తియ్యి" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమైందండీ? పని ఉన్నట్టా, ఊడినట్టా?"

"ఉంది."

"అమ్మయ్య! నాకు తెలుసు, మిమ్మల్ని మించిన డ్రైవరు అక్కడెవరున్నారు?" అంటూ ఫోను తీసి వాళ్లక్కకి చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత తమ్ముడికి, ఆ తర్వాత పక్కింటావిడకి. అతను చెప్పులు విప్పి తలవంచుకుని కూర్చున్నాడు. ఆమె నలుగురికీ చెప్పుకుని వచ్చాక అప్పుడు చెప్పాడు, ఉన్నది స్టీరింగు పని కాదు, వైరు పెట్టే పనని.