మా మేడం దాచుకున్న జ్వరం

పోయిన నెల ఒక ఉదయం, ప్రొద్దుటూరులో మా కాలేజీ స్టాఫ్ రూములో హాజరు పుస్తకం తీసుకుని క్లాసుకు లేస్తుండగా ఫోన్ వచ్చింది. మా మేడం వాళ్ల అన్న, తిరుపతి ఆసుపత్రి నుంచి. "మీ మేడం పాయ పాపా," అన్నారు. ఫోన్ పెట్టేయలేదు. అవతల ఎవరో స్ట్రెచర్ తోసుకుపోతున్నారు, ఎవరో రోగుల పేర్లు పిలుస్తున్నారు. ఆ చప్పుళ్లు వింటూ చాలాసేపు అట్లాగే నిలబడ్డాను.

ఆమె నాకు డిగ్రీలో జువాలజీ చెప్పారు. తర్వాత నేను అదే కాలేజీలో అదే సబ్జెక్టు చెప్పడానికి చేరాను. కొన్నేళ్లు ఆమె పక్క కుర్చీలోనే కూర్చున్నా, మేడం అనడం మానలేదు. యాభై ఇంకా నిండలేదు. పెళ్లి చేసుకోలేదు. జమ్మలమడుగులో తల్లితో ఉంటూ రోజూ బస్సులో ప్రొద్దుటూరు వచ్చేవారు. పుట్టిన ఊరు పులివెందుల అవతల, సింహాద్రిపురం వైపు. అక్కడ అన్న చీనీతోట, అంటే బత్తాయితోట, చూసుకుంటారు.

బస్సులో ఉడకబెట్టిన చెనిక్కాయలు తినడం ఆమెకు అలవాటు. పొట్టు కింద పడేసేవారు కాదు, సంచిలో వేసుకుని కాలేజీ దాకా మోసుకొచ్చేవారు. పాఠం అయ్యాక అర్థమైందా అని అడిగేవారు కాదు. "యాడ తెగిందో చెప్పు మే, ఆడ్నుంచి మళ్లా కడదాం," అనేవారు. చెప్పడానికి సిగ్గుపడితే పక్కన కూర్చునేవారు. చెప్పేదాకా లేచేవారు కాదు.

ఆమె పరిశోధన చేసింది మాక్రోఫేజుల మీద. మన ఒంట్లో అన్ని చోట్లా కాపు కాసే కణాలవి. లోపలికి దూరిన సూక్ష్మజీవిని మింగి అరిగించుకోవడం వాటి పని. యూనివర్సిటీలో ఉన్న రోజుల్లో ఎలుకల కడుపులోంచి ఆ కణాలు తీసి గాజు గిన్నెల్లో పెంచారట. ఒక గిన్నెలో బాక్టీరియా విషం, ఒక గిన్నెలో క్యాన్సరు మందు, ఇంకోదాంట్లో రెండూ వేసి, ఏం చేస్తాయా అని చూడటమే ఆమె పని. విషం తగలగానే, అంతవరకూ గుండ్రంగా ఊరకే ఉన్న కణం సాగి, చేతులు చాచి, రసాయనాలు కుమ్మరించేదట. పక్కన క్యాన్సరు కణాలు పెడితే వాటిని కూడా చంపేదట. "అది చూసిన పొద్దు నాకు కూడు దిగలే మే, సంతోషానికి," అని మాకు చెప్పారు. ఆ వెంటనే గొంతు తగ్గించి రెండో మాట చెప్పారు. అవే రసాయనాలు ఒళ్లంతా ఒకేసారి పోటెత్తితే బీపీ పడిపోతుంది, మనిషి దక్కడు. ఆ మాట నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు అదే పాఠం పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ మాట దగ్గర పేజీ తిప్పేస్తున్నాను.

ఆరు నెలల కిందట రొమ్ములో గడ్డ బయటపడింది. తిరుపతిలో వైద్యం మొదలుపెట్టారు. మొదటిసారి కీమో ఎక్కించిన రోజు నేను పక్కనే ఉన్నాను. నర్సు తెచ్చిన మందు ఎర్రగా ఉంది. మేడం దాన్ని చూసి చిన్నగా నవ్వారు.

"ఈ మందే మే. నా గిన్నెల్లోకి చుక్క చుక్క ఏసింది ఈ మందే."

అప్పుడు ఆ కణాలు ఏం చేశాయని అడిగాను. కొంచెం వేస్తే లేచి కూర్చునేవి, ఎక్కువైతే చచ్చిపోయేవి అన్నారు. ఎక్కువైతే మరి ఏం చేసేవాళ్లని అడిగాను.

"ఏం చేస్తాం. ఆ గిన్నె పారబోసి ఇంగో గిన్నె తీసుకుంటాం," అన్నారు. తర్వాత ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

రెండో విడత తర్వాత జ్వరం వచ్చింది. ఒళ్లు వెచ్చబడగానే బట్టలు సర్దుకుని, తల్లిని వెంటబెట్టుకుని ఆమే ఆసుపత్రికి వెళ్లిపోయారు. బతికి బయటపడ్డారు. తిరిగొచ్చాక మా అందరినీ కూర్చోబెట్టి పాఠంలా చెప్పారు. మందు క్యాన్సరునే కాదు, ఎముక మజ్జలో కొత్త తెల్లకణాలు పుట్టడాన్నీ కొన్నాళ్లు ఆపేస్తుంది. ఆ రోజుల్లో మన పేగుల్లోని బాక్టీరియానే రక్తంలోకి దూరగలదు. మొదట ఎదురుపోయే కణాలు ఉండవు. మిగిలిన మాక్రోఫేజులకు ఆ విషం తగిలిందంటే అవి చేసే హడావుడికే మనిషి పడిపోతాడు. కాబట్టి జ్వరం వంద డిగ్రీలు దాటితే మాత్ర వేసుకుని చూద్దామనుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. వాళ్లమ్మ చేత ఆ మాట నాలుగుసార్లు అప్పజెప్పించుకున్నారు. ముసలామె "వంద దాటితే కారు" అని ఒక్క ముక్కలో నేర్చుకుంది.

ఆ వారమే వాళ్లన్న పులివెందుల వైపు ఎవరో నాటువైద్యుడి దగ్గర పసరు తెచ్చారు. ఆ ఎర్ర మందు మానేయమని చెల్లెలి కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలారు. ఆయన అట్లా కింద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. మేడం కోప్పడలేదు.

"నాకు బతకాలని ఉండాదన్నా," అన్నారు. "శానా ఉండాది."

ఆయన లేచి బయటికి వెళ్లి మోటారుసైకిలు పక్కన ఎండలో నిలబడ్డారు. పసరు సీసా గూట్లోనే ఉండిపోయింది.

అంత బతకాలనుకున్న మనిషి ఆ ఆదివారం ఎందుకట్లా చేశారో నాకు ఈరోజుకూ అంతుపట్టదు. నాలుగో విడత అయి వారం దాటింది. చూసిపోదామని మధ్యాహ్నం జమ్మలమడుగు వెళ్లాను. వసారాలో మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. లోపల వాళ్లమ్మ సంగటి గెలుకుతూ పక్కింటామెతో మాట్లాడుతోంది. వాకిట్లో కోళ్లు తిరుగుతున్నాయి. మేడం వాటినే చూస్తున్నారు. బుగ్గలు కందిపోయి ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

ఎప్పట్నుంచని అడిగాను. తెల్లవారినప్పటి నుంచి అన్నారు. అమ్మకు చెప్పలేదా అంటే తల అడ్డంగా ఊపారు.

"మీకు తెలుసు కదా మేడం," అన్నాను. నా గొంతు నాకే అరుపులా వినిపించింది.

"తెలుసు మే. తెలిసే కూచుంటి. ఆ సూదులు, ఆ వాసన... ఒక్క పూట ఇంట్లో ఉందామనిపిచ్చె. అంతే."

పక్కింటివాళ్ల కారులో బయలుదేరాం. వాళ్లమ్మ ముందు సీట్లో కూర్చుని "వంద దాటితే కారు, వంద దాటితే కారు" అని తనలో తాను అనుకుంటూనే ఉంది. కోసేసిన శనగ చేల మీద ఎండ మిలమిలలాడుతోంది. మేడం తల నా ఒడిలో ఉంది. ఒణుకు మొదలైంది. మాట తడబడుతున్నా ఏదో చెప్పాలని చూశారు. వంగి వింటే, "ఆ కణాల తప్పేం లేదు మే, నన్ను కాపాడాలనే చూస్తాండాయి," అంటున్నారు. ఆ తర్వాత మాటలు కలిసిపోయాయి.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో వెంటనే సెలైను, యాంటీబయాటిక్కు ఎక్కించారు. బీపీ నిలవడం లేదు, తిరుపతి తీసుకుపొమ్మన్నారు. అన్న ఊరి నుంచి నేరుగా అక్కడికే వచ్చి అంబులెన్సు ఎక్కారు. వెనక తలుపు మూసేటప్పుడు మేడం పాదాలు కనిపించాయి. ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు. నేను ఆమెను బతికుండగా చూడటం అదే ఆఖరు. మర్నాడు పొద్దున కాలేజీలో ఉండగా ఆ ఫోన్ వచ్చింది.

అన్నీ తెలిసిన మనిషి కదా అని అందరూ అంటున్నారు. నాకు ఆ మాట వింటే కోపం వస్తోంది. ఆమె మీదా కోపం వస్తోంది. వెంటనే ఆ మంచం, ఆ వసారా, ఆ కోళ్లు గుర్తొచ్చి కోపం నిలవదు. పొద్దున్నే బయలుదేరి ఉంటే బతికేవారా అని తర్వాత తిరుపతి డాక్టరుకు ఫోన్ చేసి అడిగాను. చెప్పలేమమ్మా అన్నాడు. అవునని అన్నా కాదని అన్నా ఏదో ఒకటి పట్టుకుని ఏడ్చేదాన్ని.

దినాలయ్యాక వాళ్లన్న కాలేజీకి వచ్చారు, ఆమె గొడుగు, తెల్లకోటు తీసుకుపోవడానికి. తీసుకున్నాక కూడా వెళ్లలేదు. డాక్టర్లు ఏందేందో చెప్పారు గానీ తనకు అర్థం కాలేదన్నారు.

"మా చెల్లెల్ని చంపిందేందో ఒకసారి సూపిస్తావా పాపా?"

ల్యాబుకు తీసుకెళ్లాను. పిల్లలకు చూపే రక్తపు స్లైడు ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టి, కణం కనిపించేదాకా తిప్పి, చూడమన్నాను. ఆయన భుజం మీది కండువా తీసి చేత్తో పట్టుకుని వంగారు. ఎర్రటి చుక్కల నడుమ పెద్దగా ఉన్నది, నడిమధ్య ఊదాగా వంగినట్టుండేది కనపడుతోందా అని అడిగాను. కనపడుతోందన్నారు. అది రక్తంలో తిరిగి తిరిగి కండలోకి పోయి మాక్రోఫేజు అవుతుందని చెప్పాను.

"ఇది సెడ్డదా?"

"కాదన్నా. మనదే. మనల్ని కాపాడేదే."

ఆయన తల ఎత్తలేదు. తర్వాతి క్లాసు పిల్లలు వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయారు. వాళ్లను లోపలికి రమ్మనలేదు నేను. ఆయన ఒక కన్ను అద్దానికి ఆనించి చూస్తూనే ఉన్నారు. మూసుకున్న రెండో కంట్లోంచి నీళ్లు జారి, బల్లమీది నల్లరాతి మీద ఒక్కొక్కటే పడుతున్నాయి.