నారాయణమ్మ గొంతులో గరగర

మాస్కులు తీసేసి మనుషుల మూతులు మళ్లీ బయటపడిన ఏడాది అది. పెదవుల కదలిక చూసి మాటలు పోల్చుకుంటూ ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చినవాళ్లకు ఆ మాస్కుల కాలంలోనే తమ చెవుడు ఎంతటిదో తెలిసొచ్చింది. దాంతో మదనపల్లెలోని నా హియరింగ్ ఎయిడ్ షాపుకు జనం పెరిగారు. మంగళవారాలు పుంగనూరులో, నెలకొకసారి కుప్పంలో, మెడికల్ షాపుల వెనక గదుల్లో కూర్చుని చెవులు పరీక్షించేవాడిని.

నేను చెప్పేదాంట్లో సగం కోసేసి వినమని మా ఆవిడ అందరికీ ముందే చెబుతుంది. నేను పెట్టిన మిషన్‌తో గుర్రంకొండ కోట మీద నిలబడి మైళ్ల దూరంలోని కలికిరి సంతలో వంకాయల బేరం విన్న ఆసామి ఒకడున్నాడని చాలామందికి చెప్పాను. వంకాయలు కావు, టమోటాలు. అంతవరకు దిద్దుకుంటాను. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం కోయడానికి ఏమీ లేదు.

ఒక మంగళవారం పుంగనూరులో రెడ్డెప్ప, ఆయన భార్య నారాయణమ్మ వచ్చారు. రెడ్డెప్ప కుప్పం పక్క గ్రానైట్ క్వారీల్లో పాతికేళ్లు జాక్‌హామర్‌తో బండకు రంధ్రాలు వేసినవాడు. ఆ మోతకు చెవుల్లోంచి ముందుగా పోయేవి సన్నని శబ్దాలే. పిట్టలు, పిల్లలు, ఆడవాళ్ల గొంతులు. ఆడియోగ్రామ్ తీశాను. ఏ శబ్దం ఎంత గట్టిగా ఉంటే చెవికి అందుతుందో గీసి చూపే పటం అది. అందులో గీత కొంతదూరం సాగి, గుట్ట మీంచి దొర్లిన బండలా కిందికి పడింది.

ఆరేళ్లుగా ఇంట్లో సైగలేనట. మిషన్ పెట్టుకోమని ఆమె సైగ చేస్తే, ఇన్నాళ్లు విన్నది చాలదా అని నవ్వేవాడట. మరి ఇప్పుడెందుకు వచ్చారని కాగితం మీద రాసి చూపించాను. ఆయన భార్య వైపు ఒకసారి చూశాడు.

"ఈమె గొంతులో గడ్డ ఉండాదప్పా. సోమవారం బెంగళూరులో ఆపరేషను. మాటొచ్చేదే తీసేస్తారంట. ఆలోగా ఒక తూరి ఈమె గొంతు వినాల."

చెవి కొలతకు సరిపడా ఇయర్ మోల్డ్ అనే తొడుగు చేయించాలంటే ఎనిమిది రోజులు పడుతుంది. అంత వ్యవధి లేదు. ట్రయల్ కోసం ఉంచుకునే మిషన్‌కే రెడీమేడ్ రబ్బరు టోపీ తగిలించి, చెవిలో పెట్టి ఆన్ చేశాను. మాట్లాడమ్మా అంటే నారాయణమ్మకు సిగ్గు ముంచుకొచ్చింది. ఈయప్పతో మాట్లాడి ఆరేండ్లాయ, ఏం మాట్లాడేది సారూ అని నన్నడిగింది. చివరికి కొంగు సర్దుకుని, "ఏమయ్యా, వినిపిస్తాండాదా?" అంది.

రెడ్డెప్ప మొహం విప్పారింది. అంతలోనే ముడుచుకుంది.

"మిషను బాగలేదప్పా. గరగర అంటాండాది."

మిషన్‌లో గరగర లేదు. నావి మామూలు చెవులే. ఆమె నోరు తెరవగానే నాకు తెలిసిపోయింది, గడ్డ ఆ గొంతును ఎప్పుడో గీకేసిందని. ఆయన వెతుకుతున్నది ఆరేళ్ల కిందటి గొంతును. ఆ సంగతి ఎలా చెప్పాలా అని చూస్తుంటే, ఆయన వెనకనుంచి నారాయణమ్మ తల అడ్డంగా ఊపింది.

లాప్‌టాప్ తీసి ఫైన్ ట్యూనింగ్ మొదలుపెట్టాను. ఏ శబ్దం పెంచాలో, ఏది తగ్గించాలో సర్దే పని అది. సర్దవలసింది లేకపోయినా అరగంట సర్దాను. తర్వాత, కొత్త చెప్పు కరిచినట్టే కొత్త మిషన్ కూడా గరగరమంటుంది, నాలుగు రోజులు అమ్మ మాట్లాడుతూ ఉంటే, నువ్వు వింటూ ఉంటే సర్దుకుంటుంది అని చెప్పాను. సగం నిజమే. కొత్త శబ్దాలకు మెదడు అలవాటు పడడానికి రోజులు పడుతుంది. మిగతా సగం నా కల్పన.

అంతసేపు ఏం మాట్లాడాలని ఆమెకు దిగులు. చేసే పనే చేస్తూ చెప్పమ్మా అన్నాను. పనిలో పనిగా ఫోన్‌లో రికార్డు చేసుకోమన్నాను. రెడ్డెప్ప ఒప్పుకోలేదు. ఫోనుకు చెబితే ఫోనుతో మాట్లాడినట్టవుతుంది, నాతో కాదు అన్నాడు.

శనివారం ఆయన ఒక్కడే మదనపల్లెకు వచ్చాడు. నేను లాప్‌టాప్ తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఇంటి సంగతులు మొదలుపెట్టాడు. మొదటిరోజు ఆమె, పాలు పొంగినాయి, సంగటికి ఎసరు పెట్టినా అని గోడకు చెప్పినట్టు చెప్పిందట. రెండోరోజు తడి పార మూలన పడేశావని తిట్టిందట. మూడోరోజుకు ఆరేళ్ల తిట్లూ బయటికి తీసిందట. నవ్వుతూనే చెప్పాడు. నవ్వు ఆగాక అన్నాడు:

"మిషనులో ఏం లేదప్పా. కోడి కూస్తే సక్కగా వినిపిస్తాండాది. కోడికి లేని గరగర ఈమె మాటకే యాల?"

తెరవబోయిన లాప్‌టాప్‌ను పక్కకు జరిపాను.

"నువ్వు నిజం సెప్పింటే ఆ పొద్దే దీన్ని ఆడనే పెట్టేసి పోయింటా. ముందరి గొంతు కావాలని వచ్చినోణ్ణి గదా. అది ఇంట్లోనే ఉన్నింది, నేనే వినలే. ఇప్పుడు ఆమెకుండేది ఇది. ఇదీ సోమవారం దాకానే."

ఇంకో రెండు బ్యాటరీలు కావాలన్నాడు. ఒకటి చాలు, వారం వస్తుందని చెప్పాను. అయినా రెండూ జేబులో వేసుకున్నాడు. దావలో ఆగిపోకూడదట. బెంగళూరు చేరేదాకా మాట్లాడతానని ఆమె మాటిచ్చిందట.

అంతకుముందు నేను మిషన్ ఆన్ చేయగానే "ఒకటి, రెండు, మూడు, వినపడుతోందా?" అని మొదట నేనే అనేవాడిని. అన్నేళ్ల నిశ్శబ్దం తర్వాత ఆ చెవిలో పడే మొదటి మాట నాది! ఇప్పుడు నోరు మూసుకుని పక్కన నిలబడతాను. ఇంటివాళ్లనే మాట్లాడమంటాను. వాళ్లు గొప్ప మాటలేమీ అనరు. ఆకలేస్తాందా అంటారు, చొక్కా గుండీ పెట్టుకో అంటారు. విన్నవాళ్లు ఆ మాటనే మళ్లీ అనమని అడుగుతారు.

మా ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే రెండోసారి పిలిచేదాకా పలకని చెడ్డ అలవాటు నాది. ఇప్పటికీ మొదటి పిలుపుకు పలకను. రెండోది కూడా వినాలని.