ఎర్రావు కోసం కట్టిన రేడియో స్టేషను

దెయ్యాల మాట ఎత్తిన పిల్లల్ని బెంచీ ఎక్కించే టీచరును నేను. తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఇప్పుడు రాసేది వేరెవరైనా వచ్చి నాకు చెప్పి ఉంటే, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, రాత్రి సరిగా నిద్రపోయారా అని అడిగేదాన్ని. నాకే జరిగింది కాబట్టి ఎవరిని అడగాలో తెలియక విసుక్కుంటున్నాను.

మాది చంద్రగిరి దాటాక రోడ్డు పక్కనే ఉన్న పల్లె. నా భర్తకు సత్యవేడు వైపు ఫ్యాక్టరీలో ఉద్యోగం, వారానికోసారి వస్తారు. నేను అమ్మానాయనల దగ్గరే ఉంటూ స్కూలుకు పోయి వస్తుంటాను. మాకున్నది ఒకటే ఆవు. రంగును బట్టి ఎర్రావు అంటాం.

నాయనకు అదే లోకం. పాలు పితికేటప్పుడు కొట్టంలో గూట్లో ఉన్న పాత రేడియో పెట్టుకుని, దాని పాటలు ఒకవైపు, తన మాటలు ఒకవైపు, ఆవుతో కబుర్లు చెబుతూనే ఉండేవాడు. ఇంట్లో మాతో అన్ని మాటలు ఏనాడూ మాట్లాడిన పాపాన పోలేదు.

నాతో అయితే చివరి ఏడు నెలలు అసలు మాట్లాడలేదు. తప్పు నాదే. ఆయనకు మోకాళ్లు అరిగిపోయాయి. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. ఆవును అమ్మేయమని చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. చివరకు ఆయనను అడగకుండానే ఆవుల బేరగాడు దొరస్వామిని పిలిపించాను. అతను తాడు పట్టుకుని గేటులోకి వచ్చాక గానీ నాయనకు సంగతి తెలియలేదు.

ఆయన అరవలేదు, తిట్టలేదు. దొరస్వామిని పంపేసి, ఆ రోజు నుంచి నాతో మాట మానేశాడు. నాకు ఏమైనా చెప్పాలంటే నా ఎదురుగానే అమ్మ వైపు తిరిగి "చెప్పు ఆయమ్మికి" అనేవాడు. నాకూ తక్కువ పౌరుషమా? దిగివస్తే ఆయనే దిగిరావాలని బిగుసుకుని కూర్చున్నాను. ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు.

ఆయన పోయిన మూడో రోజు నుంచి ఎర్రావు చేపడం మానేసింది. అంటే పొదుగులో పాలు ఉన్నా కిందికి దించదు. అమ్మ కూర్చున్నా అంతే, దూడను వదిలినా అంతే. పశువుల డాక్టరు వచ్చి చూసి, జబ్బేమీ లేదు, అలవాటైన మనిషి కోసం బెంగ పెట్టుకుంది అన్నారు. సూది వేస్తే ఆ పూటకు చేపింది. రోజూ సూది పొడవడం మంచిది కాదన్నారు. పొదుగు రాయిలా గట్టిపడి, ఆవు నొప్పితో కాళ్లు మార్చుకుంటూ నిలబడేది.

అమ్మకు ఓపిక పోయింది. "దొరస్వామికి ఫోన్ చేయి మే. వచ్చే గురువారం తోలుకుపోనీ. నేను దీని బాధ సూడలేను" అంది. నాయన ఉండగా నేను చేయబోయి ఆయనను పోగొట్టుకున్న పనే, ఆయన పోయాక నా చేతుల మీదుగా జరగాలి. అది మాత్రం నా వల్ల కాదనిపించింది.

నా ఫోన్‌లో దూడ పుట్టినప్పుడు తీసిన వీడియో ఒకటి ఉంది. అందులో నాయన గొంతు ఒకే ఒక్కసారి వినిపిస్తుంది. "నిలబడు తల్లీ, నిలబడు" అంటాడు. వెంటనే అమ్మ "నీళ్లు తెమ్మంటే ఫోను పట్టుకోని నిలబడుకుంటివే" అని నన్ను తిట్టడంతో అది అయిపోతుంది. ఆ ఒక్క మాటనే ఆవుకు వినిపించాలని చూశాను. కొత్త వస్తువంటే దానికి బెదురు. ఫోన్ దగ్గరికి తీసుకెళ్తే తల విదిలించి కొమ్ము చూపించింది. స్కూలు నుంచి తెచ్చిన స్పీకరును ఒక్క తన్నుతో గడ్డివాములోకి పంపింది. దానికి పరిచయమున్నది గూట్లోని రేడియో ఒక్కటే. కాబట్టి నాయన గొంతు అందులో నుంచే రావాలి. అంటే నేను ఒక చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కట్టాలి.

ట్రాన్సిస్టర్ బొమ్మను నల్లబల్ల మీద కళ్లు మూసుకుని వేస్తాను. చేత్తో పట్టుకున్నది మాత్రం అదే మొదలు. తిరుపతిలో ఒక రేడియో రిపేరు షాపుకు వెళ్లి ఒక ట్రాన్సిస్టరు, చిన్న మైకు, చిల్లర భాగాలు నాలుగైదు, రాగి తీగ, బ్యాటరీ తెచ్చుకున్నాను. ఫోన్‌లో వీడియోలు చూస్తే ఎవరికైనా మొదటిసారికే పలుకుతుంది. నాకు పలకలేదు. సోల్డరింగ్ కడ్డీతో రెండు వేళ్లు కాల్చుకున్నాను. ట్రాన్సిస్టర్ కాళ్లు తిరగేసి అతికించాను. అది సరిచేశాక కూడా మూగనోము పట్టినట్టు కూర్చుంది. మూడు సాయంత్రాలు నేను దాన్ని తిట్టడం, అమ్మ నన్ను తిట్టడం.

నాలుగో సాయంత్రం తెలిసింది. రాగి తీగ మీద కంటికి కనిపించని పూత ఉంటుంది, చివరలను బ్లేడుతో గీకకపోతే కరెంటు పోదు. ఈ సంగతి పదో తరగతికి ఏటా చెప్పేది నేనే! నా మీద నాకే అసహ్యం వేసింది.

పలికాక కూడా దాని టెక్కు తక్కువ కాదు. చెయ్యి దగ్గరికి తెస్తే స్టేషను జారిపోతుంది. అమ్మ తొంగి చూసినా జారిపోతుంది. బుధవారం సాయంత్రం గదిలో నేను ఫోన్‌ను మైకు దగ్గర పెడితే, కొట్టంలో రేడియో "నిలబడు తల్లీ" అంది. ఎర్రావు చెవులు నిక్కించిందని కొట్టంలో ఉన్న అమ్మ చెప్పింది. దాని వెనకే అమ్మ తిట్టు వచ్చేసరికి తల తిప్పేసుకుందట. పది సార్లు వినిపించాను, పది సార్లూ అంతే.

గురువారం సెలవు పెట్టాను. అమ్మే కబురు పెట్టడంతో నాలుగున్నరకు దొరస్వామి వస్తానన్నాడు. నాలుగు గంటలకు అమ్మ రేడియో పెట్టి, బకెట్ తీసుకుని కొట్టంలో కూర్చుంది. నేను గదిలో బ్యాటరీ తగిలించాను. నిమిషం కాకముందే కాలిన వాసన వచ్చింది. ట్రాన్సిస్టరు వేలు పెట్టలేనంతగా కాలుతోంది. బ్యాటరీ పీకేసి, ట్రాన్సిస్టరును ఊడదీసి స్టీలు పళ్లెంలో పడేశాను. చూస్తే ఫోన్ కూడా ఛార్జింగ్ అయిపోయి ఆరిపోయి ఉంది. ఇక అయిపోయిందని కుర్చీలో కూలబడ్డాను. బ్యాటరీ నా ఎడమ చేతిలోనే ఉంది. ఈ వివరాలన్నీ వరుసగా రాస్తున్నది ఎవరైనా నా తప్పు పట్టగలరేమోనని.

అప్పుడు కొట్టంలో నుంచి నాయన గొంతు వినిపించింది.

"కాలు తీయి తల్లీ... అట్ల గాదు, ఇట్లా రా... ఈపొద్దు ఎండ శానా ఉండాది. నీళ్లు తాగినావా లేదా? తాగల్ల మరి..."

ఇవేవీ నా వీడియోలో లేవు. మాటల మధ్యలో బకెట్‌లో పాలధార పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

నాకు భయం వేయలేదు. ఒళ్లు మండింది. ఏడు నెలలు నన్ను తిన్నావా అని అడగని మనిషి, ఆవును నీళ్లు తాగినావా అని అడుగుతున్నాడు. ట్రాన్స్‌మిటర్‌ను చేతిలోకి తీసుకుని, ఆ చచ్చిన మైకుకు పెదవులు ఆనించి, "నాయనా, నేను. నాతో గూడా మాట్లాడు" అని గొణిగాను. మా పిల్లల్లో ఎవరైనా ఆ పని చేస్తే పగలబడి నవ్వేదాన్ని. అన్న మరుక్షణం దాన్ని బల్ల మీద పడేసి పరిగెత్తాను. వెనక తలుపుకు దాణా మూటలు అడ్డం. ముందు తలుపులో నుంచి ఇల్లంతా చుట్టి కొట్టానికి చేరేసరికి రేడియో గుర్రుమంటోంది, అంతే. బకెట్ నురగతో నిండి ఉంది. అమ్మ పొదుగు కడుగుతోంది.

గేటు దగ్గర దొరస్వామి తాడుతో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. "ఆయప్ప ఈడనే ఉండాడు గదమ్మా. నేను యాడికి తోలుకుపోయేది?" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. మళ్లీ మా వీధిలోకి రాలేదు.

అమ్మ మాత్రం నన్ను మెచ్చుకుంది. "ఈపొద్దు బాగా పలికింది మే నీ మిషను. ఇన్ని మాటలు యాడ దాచిపెట్టుకోనుంటివి?" అంది. మిషనులో ఇదే లేదు, ఎట్లా పలుకుతుందంటూ పళ్లెంలోని ట్రాన్సిస్టరు తెచ్చి చూపించాను. ఆమెకు అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

స్కూల్లో ఎలక్ట్రానిక్స్ తెలిసిన సారు ఒకాయనకు చెప్పాను. వేరే స్టేషను ఏదో పట్టి ఉంటుందన్నాడు. ఏ స్టేషను వాళ్లు ఆవును కాలు తీయమంటారని అడిగితే, దుఃఖంలో ఉన్నారు మేడం, రెండు రోజులు రెస్టు తీసుకోండి అన్నాడు. నాకు ఎంత మండిందో చెప్పలేను. నేను దుఃఖంలో ఉన్నాను సరే, దొరస్వామికి ఏం దుఃఖం? కొత్త ట్రాన్సిస్టరు వేసి మళ్లీ వినిపించి చూశాను. అదే ఒక్క మాట, అదే తిట్టు. ఎర్రావు మాత్రం ఆ రోజు నుంచి రేడియో ఉన్నా లేకున్నా అమ్మ చేతికి చేపుతోంది.

వారం తర్వాత అమ్మ చింతపండు పిసుకుతూ మాటల్లో అంది. "నువ్వు మధ్యలో దూరకుంటే మీ నాయన ఇంగా కొంచేపు మాట్లాడుండును."

నేను దూరడమేమిటన్నాను.

"రేడియోలో వస్తివి గదే. నాయనా, నాతో గూడా మాట్లాడు అంటివి."

బ్యాటరీ లేదు, ట్రాన్సిస్టరు లేదు. నేను గొణిగింది గది గడప దాటి ఉండదు. దానికి నాయన ఏమన్నాడని అడిగాను.

అమ్మ చింతపండు పిప్పి పిండి పక్కన పెట్టింది. "'ఊ' అనినాడు. అంతే. ఆమైన రేడియో గుర్రుమనింది."

అమ్మ విన్నది. దొరస్వామి విన్నాడు. చివరికి ఆ ఎర్రావు కూడా విన్నది. అది ఎలా జరిగిందో నా చదువుకు అందలేదు, అందుతుందన్న ఆశ కూడా లేదు. కదలకుండా ఆ గదిలోనే ఇంకొక్క క్షణం నిలబడి ఉంటే, నాయన నాకు ఇచ్చిన జవాబు నేను వినేదాన్ని.