సున్నం పడని అరచేయంత గోడ

మా తెనాలి ఇంటి పెరటి గోడకు ఒక కన్నం ఉండేది. అందులో నల్లటి చిన్న తేనెటీగలు కాపురం. దోమంత ఉంటాయి, కుట్టవు. కన్నం మూతికి జిగురుతో గొట్టం కట్టుకుని అందులోంచి వచ్చిపోతుండేవి. పాత మట్టిగోడలు, చెట్ల తొర్రలు, అలాంటి చోట్లే కావాలి వాటికి. మా వీధిలో మట్టిగోడ మాదొక్కటే మిగిలింది.

ఏటా క్రిస్మస్‌కు ముందు గోడలకు సున్నం వేసేది మా అత్తయ్య. ఆ కన్నం చుట్టూ అరచేయంత మేర వదిలేసేది. తను కాపురానికి వచ్చేనాటికే అవి అక్కడున్నాయట, వాటి జోలికి పోకూడదట. నాకేమో ఆ మచ్చ చూస్తే ఒళ్లు మండేది. పండక్కి వచ్చినవాళ్లు ఏమనుకుంటారని నా గోల. పోయినేడు ఆవిడ చెల్లెల్ని చూడ్డానికి రేపల్లె వెళ్లింది. ఇదే సందని గుప్పెడు సిమెంటు కలిపి కన్నంలో కుక్కి, పైన సున్నం కొట్టేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సాయంత్రం ఆరేసిన బట్టలు తీయబోతే, మేతకెళ్లిన ఈగలన్నీ గోడ దగ్గరే తిరుగుతున్నాయి. కన్నం ఉన్నచోటే వాలడం, లేవడం, మళ్లీ అక్కడే వాలడం. కొన్ని తడి సున్నానికి అంటుకుపోయాయి. అట్లకాడతో గీకాను, స్క్రూడ్రైవరుతో పొడిచాను. సిమెంటు బిగుసుకుపోయింది. ప్రభువా, ఎంత పని చేశాను అని ఏడుస్తుంటే రైలు దిగి అత్తయ్య రానే వచ్చింది. తిట్టినా బాగుండేది. చీర కూడా మార్చుకోకుండా గునపం తెచ్చింది.

ఈగల సంగతి తెలిసిన సారొకాయన బాపట్లలో ఉన్నారని పక్కింటావిడ చెబితే ఫోన్ చేశాను. రాణి ఈగ బతికుంటే ఆశ ఉందన్నారు. గూడు తీసి కుండలో పెట్టి, ఈగలు గుర్తుపట్టేలా మూతికి పాత గూటి జిగురు రాసి, అదే చోట కట్టమన్నారు.

గోడ తవ్వి చూస్తే గూడు మీదికి సిమెంటు నీళ్లు దిగిపోయి ఉన్నాయి. రాణి కనిపించలేదు. దొరికిన ముక్కల్నే కుండలో పెట్టాం. జిగురు అత్తయ్యే రాసింది. రోజూ పొద్దున్నే వెళ్లి కుండ ముందు కూర్చునేది. మొదట్లో పదో పన్నెండో తిరిగాయి. వారం తిరక్కుండానే కుండకు చీమలు పట్టాయి.

ఈ డిసెంబరులో అత్తయ్య సున్నం బకెట్టు, బ్రష్షు నాకే ఇచ్చి మెట్టు మీద కూర్చుంది. గోడంతా వేశాను. మట్టి మెత్తి పూడ్చిన ఆ చోటుకి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

"అక్కడ కూడా వేసెయ్యమ్మా," అంది అత్తయ్య. "ఇంక ఎవరికోసం వదలాలి?"